కుడి చెంప

వద్దనే చెప్పాలి. బాకోస్‌లో ట్రాము ఎక్కి ఆడవాళ్ళ పెట్టెలో ఖాళీ కోసం వెతుక్కుంటున్నప్పుడూ, ఎడమ పక్క సీట్లన్నీ నిండిపోయి సముద్రం వైపున్న కుడి కిటికీ దగ్గరే కూర్చోవాల్సి వచ్చినప్పుడూ ఇన్షిరాహ్ మనసులో ఆ ఒక్క మాటే తిప్పుకుంటోంది. వద్దు డాక్టరుగారూ, ఇన్నేళ్ళు మోసినదాన్ని, మిగిలిన నాలుగేళ్ళూ మోస్తాను, ఆ ఆసుపత్రి మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. మర్యాదగానే ఉంది గానీ మరీ పొడుగైంది. అంత మాట ఒక్క ఊపున అనగలనా, సగంలో చెంప నొప్పి అందుకుంటే? వద్దు అని ఊరుకుంటే చాలు. కిటికీ అద్దం పూర్తిగా మూసుకోలేదు, ఎక్కడో ఇరుక్కుపోయి వేలెడు సందు మిగిలింది. ఆ సందులోంచి నవంబరు గాలి కత్తి అంచులా సన్నగా వస్తోంది. ఏటా ఈ రోజుల్లో సముద్రం మీంచి లేచి వీధులన్నీ ఊడ్చిపెట్టి పోయే గాలివానకి ఈ ఊరివాళ్ళు చీపురు అని పేరు పెట్టుకున్నారు. చిన్నప్పుడు అలెగ్జాండ్రియాలో తనంత ధీమాగా ఆ గాలికి ఎదురు నిలబడ్డ పిల్ల లేదు. సముద్రపు గోడ మీదికెక్కి, తలగుడ్డ జారిపోయినా లెక్కచెయ్యక, అలల తుంపర మొహాన కొడుతుంటే కేరింతలు కొట్టేది. ఇప్పుడు ఉన్ని శాలువాని తల మీంచి చెంప దాకా దించి, చెంపకి తగలకుండా, చేత్తో గుడారంలా ఎత్తి పట్టుకుని కూర్చుంది. చెయ్యి లాగుతోంది. లాగనీ. చెయ్యి నొప్పి నొప్పేనా, అది మనిషిని పలకరించి వస్తుంది, కాసేపు ఉండి పోతుంది. ఇది అలా కాదు.

మొదటిసారి వచ్చినప్పుడు కరెంటు కొట్టిందనుకుంది. పొద్దున్నే నమాజుకి ముందు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది, చల్లటి నీళ్ళు దోసిట్లో పట్టి మొహాన కొట్టుకుంది, అంతే, కుడి చెవి ముందునుంచి పై పెదవి దాకా ఎవరో నిప్పుల తీగ లాగినట్టయింది. కుళాయిలోకి కరెంటు దిగిందేమోనని దూరంగా గెంతి, "వగ్దీ, కుళాయి ముట్టుకోకు!" అని అరిచింది. ఆ అరుపుకి మళ్ళీ కొట్టింది. భర్త పరిగెత్తుకొచ్చి కుళాయిని చెక్క గరిటెతో తట్టి చూశాడు. ఆ గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి ఆ తర్వాత ఎన్నిసార్లు నవ్వుకున్నారో ఇద్దరూ, నవ్వగలిగినన్నాళ్ళు. పన్ను అన్నాడు వీధి చివరి దంతవైద్యుడు, పీకాడు. నొప్పి పోలేదు, దాని పక్కది అన్నాడు, దాన్నీ పీకాడు. రెండూ రాయిలాంటి మంచి పళ్ళు. వాటిని చేతిలో పెట్టినప్పుడు వాటి మొదళ్ళు పాలలా ఎంత తెల్లగా, ఎంత నిర్దోషంగా ఉన్నాయో. లవంగ నూనె, ఆవనూనె, దిష్టి తీయించడం, తలకి గుడ్డ కట్టడం అన్నీ అయ్యాక ఎప్పటికో ఒక డాక్టరు చెప్పాడు, ఇది పన్ను కాదమ్మా, మొహానికి వెళ్ళే నరం, దాన్ని ఆనుకుని ఒక రక్తనాళం కొట్టుకుంటోంది, రాసుకుని రాసుకుని నరం పైపొర అరిగిపోయింది. నీళ్ళు భయం. ఐదు పూటలా మొహం కడగాలంటే ఐదు పూటలా చావు. మసీదు షేక్‌ని వగ్దీ వెళ్ళి అడిగొచ్చాడు, జబ్బు మనిషికి శుభ్రమైన మట్టితో తుడుచుకున్నా చాలునట. కానీ మట్టి చెయ్యి కూడా చెంపని తాకాలి కదా. చెంప దాకా తెచ్చి, గాలిలో తుడిచి, క్షమించు ప్రభూ అనుకునేది.

"హాజ్జా, ఈ బండి షాత్బీలో ఆగుతుందా?"

పక్కన వచ్చి కూర్చున్న మనిషి. పెద్ద శరీరం, ఒళ్ళో కూరగాయల సంచి, చేతిలో పుచ్చగింజల పొట్లం. ఒక్కొక్క గింజనీ పంటి కింద టప్పున పగలగొట్టి, పొట్టుని కాగితంలోకి ఊస్తోంది. ఇన్షిరాహ్ తల ఊపింది. ఆ ఊపడం కూడా మెడ నుంచి పైకి పోకుండా, నిండు కుండ మోస్తున్నట్టు ఊపింది.

"ఆగుతుందనా, ఆగదనా?"

చేత్తో ముందుకి చూపించింది. ఆగుతుంది.

"ఏమ్మా, నోట్లో ముత్యాలు దాచుకున్నావా, మాట్లాడితే రాలిపోతాయా?" అంది ఆమె, అందరికీ వినబడేట్టే. ఎదురు సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు కిసుక్కుమన్నారు. "మా ఆడపడుచూ ఇంతే. పలకరిస్తే పన్ను కట్టాల్సి వస్తుందనుకుంటుంది."

అనుకోనీ. ఎంతమంది అనుకోలేదు. వగ్దీ పెళ్ళానికి పొగరు అన్నారు, మంగలి పెళ్ళానికి మహారాణి నడక అన్నారు, మెట్ల మీద ఎదురైతే సలాం కూడా చెప్పదన్నారు. ఒకప్పుడు ఇదే నోరు బాకోస్ అంతటికీ పెళ్ళి నోరు. ఏ ఇంట్లో నిశ్చితార్థమైనా ముందు ఇన్షిరాహ్‌కి కబురొచ్చేది. నాలుక ఆడించి ఆ పొడుగాటి సంబరపు కేక వేస్తే మూడో అంతస్తు బాల్కనీల్లోంచి ఆడవాళ్ళు బదులు వేసేవాళ్ళు. ఆ కేక విన్నాకే నేను ఈ వీధిలో అంగడి పెట్టాలని నిశ్చయించుకున్నానని వగ్దీ కోతలు కోసేవాడు. మరి దాలియా పెళ్ళినాడు? ఒక్కగానొక్క కూతురు తెల్లబట్టల్లో మెట్లు దిగి వస్తోంది, అందరూ తన వైపు తిరిగారు, అమ్మే మొదలుపెట్టాలి. దాలియా కూడా చూసింది. అమ్మా, ఒక్కటి, చిన్నది, అన్నట్టు చూసింది. ఇన్షిరాహ్ నోరు తెరిచింది. నాలుక పైకి లేచింది. చెవి ముందు ఆ నిప్పు ముట్టించడానికి ఎవరో అగ్గిపుల్ల గీస్తున్నట్టు చిన్న చిటపట. నోరు మూసుకుంది. వరుడి పిన్ని ఎవరో అందుకుంది, కీచుగొంతు, సగంలో దగ్గు వచ్చి ఆగిపోయింది. దాలియా ఇంతవరకూ దాని ఊసెత్తలేదు. ఒక్కసారి సాధించినా బాగుండేది.

ట్రాము ఎక్కడో ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. గాలి సందులోంచి ఈల వేసింది. శాలువా ఇంకొంచెం ఎత్తి పట్టుకుంది. మాత్రలు వేసుకుని రెండు గంటలైనా కాలేదు, అయినా చెంప లోపల ఏదో మెలకువగా పడుకుని ఉంది. మాత్రలు ఇదివరకు నొప్పిని నిద్రపుచ్చేవి, ఇప్పుడు తననే నిద్రపుచ్చుతున్నాయి. నడిస్తే నేల పడవలా ఊగుతుంది. మాటలు దొరకవు. మొన్న కూరల బండి దగ్గర దోసకాయల పేరు గుర్తురాక వేలితో చూపించింది. అదీ పర్వాలేదు. కానీ నిన్న సాయంత్రం వగ్దీ మెడ మీద పుట్టుమచ్చ ఏ పక్కన ఉండేదో గుర్తురాలేదు. ఎంత తలుచుకున్నా రాలేదు. ఫొటోలన్నీ మొహం వైపు నుంచి తీసినవే.

వగ్దీ చేతులు మాత్రం మరుపు రాలేదు. సన్నటి పొడుగాటి వేళ్ళు, ఎప్పుడూ సబ్బు నురగ, నిమ్మ అత్తరు వాసన. పొద్దున్నుంచి రాత్రి దాకా మొహాలే ఆ చేతుల పని. రేవులో బరువులు మోసేవాడి మొహం, గుమాస్తా మొహం, పెళ్ళికొడుకు మొహం, గడ్డం ఇంకా సరిగా రాని కుర్రాడి మొహం. ఎడమ చేతి రెండు వేళ్ళతో చెంపని మెల్లగా పైకి లాగి కత్తి దించేవాడు. ఎవరికీ గాటు పడేది కాదు. ఎంత మొరటు మనిషైనా ఆ కుర్చీలో కళ్ళు మూసుకుని పసివాడైపోయేవాడు. అంగడి గుమ్మంలో అన్నం గిన్నె పట్టుకుని నిలబడి ఆమె చూసేది. లోకంలో అందరి చెంపలూ ముట్టుకునేవాడికి ఇంట్లో ఒక్క చెంప ముట్టుకోవడానికి లేదు. మొదట్లో మరిచిపోయి ముట్టుకున్నాడు ఒకసారి, పడుకునే ముందు అలవాటుగా జుట్టు చెవి వెనక్కి తోశాడు. ఆమె అరవలేదు, అరిస్తే ఇంకా కొడుతుంది కదా, నోరు తెరిచి చప్పుడు లేకుండా వణికిపోయింది. ఆ మొహాన్ని చూశాడు అతను. ఆ తర్వాత ఇక ఎన్నడూ చెయ్యి భుజం దాటి పైకి రాలేదు.

ఆ నొప్పికి సెలవులుంటాయని అతనికి తెలుసు. ఒక్కోసారి నెల, ఒకసారి వేసవి అంతా రాలేదు. ఆ వేసవి ఆమె చేపలు నమిలింది, రొట్టె కొరికింది, సముద్రం ఒడ్డుకి వెళ్ళి ఐస్‌క్రీం తిన్నది. ప్రతి రాత్రీ కుడి చెంప పైకి పెట్టి పడుకుంది. ఇవాళ ముట్టుకుంటాడు. ఇవాళ. అతను వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ దొంగిలించిన వస్తువుల్లా తన గుండెల మీద దాచుకుని, ఆమె ఊపిరి వింటూ ఉండేవాడు. నిద్రపోలేదని ఆమెకి తెలుసు. ముట్టుకో అని ఎందుకు అనలేకపోయింది? చిన్న మాట. నొప్పి మళ్ళీ వస్తే అతని చేతి వల్లే వచ్చిందనుకుంటాడని భయం. అతని భయం అతనిది, ఆమె భయం ఆమెది, మధ్యలో ఒక వేసవి మొత్తం అలా నడిచి వెళ్ళిపోయింది.

అప్పుడే, ఆ వేసవి తర్వాతే, డాక్టరు అమ్‌గద్ మొదటిసారి ఆపరేషన్ మాట ఎత్తాడు. పదేళ్ళయింది. చెవి వెనక ఎముకకి చిన్న రంధ్రం, లోపల నరానికీ ఆ కొట్టుకునే నాళానికీ మధ్య మెత్తటి దూదిలాంటిది పెడతాం, చాలామందికి పూర్తిగా తగ్గిపోతుంది. కొందరికి ఆ చెవి వినబడకపోవచ్చు. కొందరికి చెంప మొద్దుబారవచ్చు. తల లోపల పని కనుక ఇంతకన్నా పెద్ద ప్రమాదం అసలు లేదని చెప్పను. వగ్దీ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఇంట్లో చెప్పులు విప్పుతూ, తల వంచుకునే, ఎప్పట్లా కూతురి పేరుతో పిలిచి, "నీ ఇష్టం, ఉమ్మ్ దాలియా" అన్నాడు. నీ ఇష్టం. వెళ్ళమంటే వెళ్ళేది. వద్దంటే కోప్పడి అయినా వెళ్ళేదేమో. నీ ఇష్టమని చెప్పి వంటింట్లోకి పోయి టీ కాచి, చల్లార్చి, గోరువెచ్చగా అయ్యాక తెచ్చి ఇచ్చాడు. మొద్దుబారవచ్చు అన్న మాట పట్టుకుంది ఆమె. ఏదో ఒక రోజు అతను ధైర్యం చేసి ముట్టుకున్నప్పుడు తెలియకపోతే? ఆ ఒక్క రోజు కోసం చెంపని నొప్పితో సహా దాచుకుంది. దాలియా పరీక్షలు కానీ అంది, పెళ్ళి కానీ అంది, రంజాన్ వెళ్ళనీ, వేడి తగ్గనీ అంది. వగ్దీ ప్రతిసారీ సరే అన్నాడు.

ట్రాము వంపు తిరిగింది. రెండు మేడల మధ్య ఒక్కసారిగా సముద్రం కనిపించింది, బూడిద రంగు, తెల్లటి నురగ, ఆ సందులోంచి గాలి ఒక్క విసురు విసిరింది. శాలువా అంచు చెయ్యి జారి చెంపని తాకింది.

ట్రాము లేదు. సముద్రం లేదు. తెల్లగా ఒక గీత, చెవి నుంచి పెదవికి, పెదవి నుంచి చెవికి, మళ్ళీ, మళ్ళీ, ఎవరో మీట నొక్కి వదిలి నొక్కి వదిలి ఆడుకుంటున్నట్టు. ఏదో ఒక చేత్తో ముందు సీటు కడ్డీ పట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు, అవి చెంప మీదికి జారకుండా తల వంచాలి, తల వంచితే ఇంకొకటి. ఊపిరి బిగపట్టు. లోకంలో ఎవరూ లేరు.

"అయ్యో, అయ్యో, నా నాలుక పడిపోను! ఏమైంది హాజ్జా?" గింజలావిడ గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చింది, తర్వాత ఎదురు సీటు పిల్లల వైపు తిరిగింది. "లే పిల్లా, లే, ఆ కిటికీ ముయ్యి! మూసుకోదా? తప్పుకో అయితే." పెద్ద శరీరం లేచి ఇన్షిరాహ్‌కీ కిటికీకీ మధ్య ఇరుక్కుని నిలబడింది. గాలి ఆగిపోయింది. "ముట్టుకోనులే, ముట్టుకోను. నెమ్మదిగా. ఇక్కడే ఉన్నా." ముట్టుకోకూడదని ఆమెకి ఎలా తెలిసిందో. ట్రాము కుదుపుకి పడిపోకుండా పైకప్పు కడ్డీ పట్టుకుని, కూరగాయల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని, అది పోయేదాకా అలాగే గోడలా నిలబడింది.

పోయింది. ఎప్పుడూ అంతే, దీపం ఆర్పినట్టు పోతుంది. పోయాక ఒళ్ళంతా తడి గుడ్డ.

"పన్నా?" అంది ఆమె గొంతు తగ్గించి.

"నరం," అంది ఇన్షిరాహ్, పెదవులు కదపకుండా.

"చాలా రోజుల్నించా?"

"దాలియా చిన్నప్పట్నించి." ఆమెకి దాలియా ఎవరో తెలియదని తర్వాత తట్టింది.

"మందు లేదా దీనికి? ఆపరేషన్ లాంటిది?"

"ఉంది."

"మరి?"

అంతే అంది. ఎత్తిపొడుపు లేదు, సలహా లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. ఇన్షిరాహ్ జవాబు కోసం చూసింది. భయం అందామనుకుంది. తల తెరుస్తారని భయం, చెవి పోతుందని భయం. అవి ఒకప్పటి జవాబులు. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఆ భయాల్లో ఒక్కటీ వెంట రాలేదు. చెవి పోతే పోనీ, ఆ ఇంట్లో వినడానికేముంది. చచ్చిపోతే వగ్దీ పక్కనే చోటుంది. మరి? ముట్టుకునేవాడు పోయాక చెంప ఎందుకు అని దాలియాతో నిన్న అంది, దాలియా ఏడ్చింది. అదీ పూర్తి నిజం కాదు. దాని కింద ఇంకొకటి ఉంది. దాని మీద ఇన్నాళ్ళూ ఒక మూత పెట్టి, ఆ మూత మీద తానే కూర్చుంది.

"నా స్టేషన్ వచ్చేసింది," అంది గింజలావిడ. సంచి ఎత్తుకుంటూ, తలగుడ్డ మీద ఇంకోటి కప్పుకున్న పెద్ద నల్లటి గుడ్డని తీసి కిటికీ సందులో కుక్కింది. "ఉండనీ, పాతదే. దేవుడు నయం చేస్తాడు హాజ్జా. ఇందాక అన్న మాట మనసులో పెట్టుకోకు." దిగి, తిరిగి చూడకుండా గాలికి వంగి వెళ్ళిపోయింది.

ఫలించదని కాదు భయం. ఫలిస్తుందని. ఇన్షిరాహ్‌కి అది తేటగా కనిపించింది, ట్రాము మళ్ళీ కదులుతుండగా. చేయించుకుని, తగ్గిపోతే? ఒక్క పూట పని, చెవి వెనక వేలెడు గాటు, మధ్యలో కాస్త దూది, ఇంతేనా అని తెలిసిపోతే? అప్పుడు ఆ వేసవి తర్వాతి రాత్రులన్నీ ఏమవుతాయి? దాలియా మెట్లు దిగి వచ్చిన ఆ సాయంత్రం ఏమవుతుంది? ఇప్పటిదాకా అది రాత, దేవుడు పెట్టిన పరీక్ష, మోశాను, ఓర్చుకున్నాను. తగ్గిపోయిన మర్నాటి నుంచి అది రాత కాదు. తలుపు తెరిచే ఉండగా ఇద్దరూ గోడకి ఆనుకుని కూర్చోవడం. ఆ పదేళ్ళూ తిరిగొచ్చి వరసగా ఎదుట నిలబడతాయి. మండుటెండలాంటి ఆ రోజు కూడా నిలబడుతుంది. అంగడిలో కుర్చీ పక్కనే వగ్దీ కూలిపోయాడని కబురొచ్చిన రోజు. కడిగి, తెల్లబట్ట చుట్టి, మొహం ఒక్కటి తెరిచి ఉంచి, కడసారి చూసుకోమన్నారు. అతని అక్క వంగి నుదుటి మీద ముద్దు పెట్టింది. దాలియా వంగి చెంపకి చెంప ఆనించి ఎంతసేపో ఉంది. నీ వంతు, ఉమ్మ్ దాలియా, అన్నారు. వంగింది. ఆ పూట నొప్పి పిచ్చిపట్టి ఉంది, పొద్దున్నుంచి నీళ్ళు కూడా మింగలేదు. అతని చెంపకి బెత్తెడు దూరం దాకా వెళ్ళింది. చల్లగా ఉంటుంది. తాకితే కొడుతుంది. కొడితే ఆ అందరిలో, అతని మీదే, మెలికలు తిరుగుతుంది. ఆగిపోయింది. లేచి, గుడ్డ మీంచి పాదాలు పట్టుకుంది. భర్త మొహాన్ని చూసి కూడా ముద్దు పెట్టుకోని పెళ్ళాం. అతని చేతులు గుడ్డ లోపల ఉన్నాయి, అవి కూడా దొరకలేదు.

దిగింది. ఆసుపత్రి గోడ వెంబడే నడిచింది, గోడ చాటున గాలి తక్కువ. గేటు దగ్గర దాలియా, బడినుంచి సరాసరి వచ్చినట్టుంది, వేళ్ళకి సుద్ద ముక్క తెలుపు. "ఒక్కదానివే వచ్చేశావా అమ్మా? ట్రాములోనా? ఈ గాలిలో?" అని, అలవాటుగా ఆమె ఎడమ పక్కకి చేరి చెయ్యి పట్టుకుంది. ఏం చెప్పబోతున్నావని అడగలేదు. తండ్రి పోలిక.

డాక్టరు అమ్‌గద్‌కి జుట్టు తెల్లబడింది. కాగితాలు పక్కకి జరిపి, "చెప్పండమ్మా, ఏమనుకున్నారు?" అన్నాడు.

"ఒకటి అడగాలి." పెదవులు నెమ్మదిగా కదిపింది. "పదేళ్ళ కిందట చేయించుకుంటే ఎలా ఉండేది?"

దాలియా చెయ్యి బిగుసుకుంది. డాక్టరు చూపు మళ్ళీ కాగితాల మీదికి పోయింది. అబద్ధం చెప్పడానికి చోటు వెతుకుతున్నాడని ఇన్షిరాహ్‌కి తెలిసింది.

"వద్దు," అంది. "ఉన్నదే చెప్పండి."

"తగ్గి ఉండేదనే అనుకుంటున్నా," అన్నాడు. "అప్పుడైతే ఇంకా తేలిక. నరం ఇంత అరిగి ఉండేది కాదు."

కింద వీధిలో ఎవరో కారు హారన్ అదే పనిగా మోగిస్తున్నాడు. సరే. విన్నాను. ఇంక దీనికన్నా వినేదేమీ లేదు.

"చేసెయ్యండి," అంది.

మెలకువ వచ్చేసరికి గొంతు ఎండిపోయి ఉంది, తల చుట్టూ బరువైన కట్టు. కళ్ళు తెరవడానికి బద్ధకంగా ఉంది. ఎవరో మీదికి వంగారు. తలగుడ్డలోంచి జారిన జుట్టు పాయ ఒకటి ఆమె కుడి చెంప మీద పడింది.

పడింది. చెంప మీంచి పెదవి దాకా జారింది. సన్నగా, చక్కిలిగిలిలా. ఇన్షిరాహ్ పళ్ళు బిగించి ఎదురుచూసింది. ఏమీ రాలేదు.

"అయ్యో, తగిలింది, తగిలింది! క్షమించమ్మా!" దాలియా గొంతు. పాయ వెనక్కి పోయింది.

"ఉండనీవే," అంది ఇన్షిరాహ్. నాలుక మందంగా తిరిగింది, మాట మత్తులో ఈదుకుంటూ బయటికొచ్చింది. "ఏం లేదు. తెలుస్తోంది, కానీ నొప్పి లేదు."

"నిజంగానా? నిజంగానా అమ్మా?"

"నిజంగానే. మీ నాన్నని లోపలికి పిలువు. బయట తెగ తిరుగుతూ ఉంటాడు. ఇంక భయపడొద్దని చెప్పు."

దాలియా కదల్లేదు. ఆమె వేళ్ళు తల్లి అరచేతిలో అలాగే ఉన్నాయి. గుమ్మం వైపు కూడా చూడలేదు. ఎందుకు వెళ్ళదు ఈ పిల్ల, అనుకుంది ఇన్షిరాహ్. ఇంత చిన్న మాట చెప్పిరావడానికి ఎంతసేపు, అనుకుంది. అలా అనుకుంటూ ఉండగానే గుర్తొచ్చింది.